కోడలి అమెరికా వీసా: హైదరాబాద్ కన్సల్టెన్సీకి సున్నా, డాలస్ లాయరమ్మకు నాలుగు

మార్కులు ముందే వేసేస్తున్నాను. హైదరాబాద్ కన్సల్టెన్సీకి ఐదుకు సున్నా, డాలస్ న్యాయవాదికి ఐదుకు నాలుగు. ఆ సున్నా ఎందుకో, ఈ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పడానికే ఇదంతా. ఇద్దరి పేర్లూ రాయను. మీరు వెళ్లే చోట ఏం అడగాలో తెలిస్తే పేర్లతో పనిలేదు.

నేను గుంటూరు ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ని. బిల్లు చేతికొస్తే ముందు కింద సంతకం చూస్తాను, ఆ తర్వాతే పైన అంకెలు. మా అబ్బాయి డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాడు. పీహెచ్‌డీ చేసి, పరిశోధకుల కోటాలో గ్రీన్ కార్డు తెచ్చుకుని, ఐదేళ్లు ఆగి పౌరసత్వం తీసుకున్నాడు. ఇవన్నీ అయ్యేసరికి వయసు ముప్పై అయిదు దాటింది, మా ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. చివరికి ఒంగోలు సంబంధం కుదిరింది. అమ్మాయి ఎం.ఫార్మసీ, హైదరాబాదులో ఉద్యోగం. నిశ్చితార్థమైన మర్నాటి నుంచి ఇంట్లో ఒకటే తర్జనభర్జన: పెళ్లి చేసి పంపాలా, పంపి పెళ్లి చేయాలా?

ఈ ప్రశ్న అబ్బాయో అమ్మాయో అమెరికా పౌరులైతేనే వస్తుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుని హెచ్-4 మీద తీసుకెళ్తారు. ఆ హెచ్-4 మీద ఉద్యోగం చేయాలంటే, భర్త గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉండటం లాంటి షరతులున్నాయి. 2015లో వచ్చిన నిబంధన అది. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాళ్ల భార్యలది ఎఫ్-2ఎ వరుస, దానికి ఏటా కోటా. పౌరుడి భార్యకు కోటా లేదు. పౌరుడికి పెళ్లికి ముందు కె-1 అనే దారి, పెళ్లి తర్వాత సి.ఆర్-1 అనే దారి ఉన్నాయి. మా ఇంట్లో గొడవంతా ఈ రెండింటి మధ్యే.

ముందు కన్సల్టెన్సీ సంగతి. బంధువు ఒకాయన చెబితే వెళ్లాం. అద్దాల గది, గోడ నిండా వీసా స్టాంపుల ఫొటోలు. టై కట్టుకున్న కుర్రవాడు మా మాట సగం కూడా వినకుండానే ‘కె-1 పెట్టేద్దాం సార్, మూడు నెలల్లో అమ్మాయి అమెరికాలో ఉంటుంది’ అన్నాడు. ఫీజు రెండున్నర లక్షలు, సర్కారు ఫీజులు వేరే. పట్టికలో కె-3 అని ఇంకొకటి ఉంది, దానికి ఇంకో యాభై వేలు ఎక్కువ. అది దేనికని అడిగితే ‘అది ప్రత్యేక ప్యాకేజీ సార్’ అన్నాడు. లాయరమ్మకు తర్వాత ఈ ముక్క చెబితే నవ్వు ఆపుకోలేకపోయారు. భార్య కోసం వేసిన అసలు దరఖాస్తు ఐ-130 తేలకముందే ఆమెను తీసుకెళ్లడానికి కె-3 అనేది చట్టంలో ఉందట గానీ, అది తేలేలోపు ఆ ఐ-130యే ఆమోదం పొందుతుంది కాబట్టి ఇప్పుడు దాన్ని అడిగేవాళ్లే దాదాపు లేరట. వాడుకలో లేనిదానికి యాభై వేలు అదనం!

మూడో సలహా ఇంకా ఘనం. టూరిస్టు వీసా మీద వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే ఉండిపోవచ్చట. ‘అందరూ చేసేదే సార్’ అన్నాడు. ఉండిపోవాలని మనసులో పెట్టుకుని, చూసి వస్తానని చెప్పి వీసా తీసుకుంటే అమెరికా చట్టం దాన్ని మోసపూరితంగా నిజాన్ని దాచడం కింద చూస్తుంది. అలా తేలినవాళ్లకు ఆ దేశం తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. తెరిపించుకోవాలంటే మినహాయింపు కోసం మళ్లీ ఇంకో దరఖాస్తు. ఉద్యోగం చేసుకుంటున్న పిల్లకు ఈ మచ్చ అంటించే సలహా ఇచ్చి, దానికి రసీదు కూడా ఇస్తామన్నారు. ఆ రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు.

అప్పుడు నా పాత అలవాటు బయటికొచ్చింది. ‘ఫారాలు మీరు నింపుతారు కదా, తయారుచేసినవారు అన్న చోట సంతకం మీరు పెడతారా?’ అని అడిగాను. అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్ ఫారాల చివర అలాంటి గడి ఉంటుంది. వేరొకరు నింపి ఇస్తే వాళ్లు పేరు రాసి సంతకం చేయాలి. కుర్రవాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు ‘అది ఖాళీగా వదిలేస్తాం, మీ అబ్బాయే నింపుకున్నట్టు ఉంటుంది’ అన్నారు. రాసేది వీళ్లు, తప్పు జరిగితే జవాబు చెప్పేది మావాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటి బిల్లు ఒక్కటి కూడా నా బల్ల దాటలేదు. అమెరికా వలస చట్టం మీద సలహా ఇచ్చి కేసు నడపాలంటే లైసెన్సు ఉన్న న్యాయవాది అయినా కావాలి, అక్కడి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధి అయినా కావాలి. వాళ్లు జి-28 అనే ఫారం మీద సంతకం చేసి, ఈ కేసుకు ప్రతినిధిని నేనే అని ప్రభుత్వానికి చెబుతారు. జి-28 మాట ఎత్తగానే మేనేజరు గారు టీ తెప్పిస్తానన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలి వెళ్లమని కూడా అన్నారు. టీ తాగాను, సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకున్నాను. సున్నా అందుకు.

డాలస్ న్యాయవాదిని మా అబ్బాయి ఆఫీసులో ఎవరో చెప్పారు. గంట మాట్లాడటానికి 250 డాలర్లు. కేసు ఆమెకే ఇస్తే అసలు ఫీజులో తగ్గిస్తారు. గంటకు ఇరవై వేల రూపాయల పైమాట అని మా ఆవిడ గుండె మీద చేయి వేసుకుంది. ఆ గంట పెట్టిన ఖర్చుకు నేను బాధపడలేదు. లాయరమ్మ పుట్టి పెరిగింది అక్కడే అయినా మూలాలు నెల్లూరు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడబోతే తడబడతారు. నన్ను అంకుల్ అని పిలిచారు. మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పలేదు, అడుగుతూ పోయారు. ఇద్దరూ ఎదురుగా కలుసుకుని ఎన్నాళ్లయింది? కె-1కు దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఒక్కసారైనా స్వయంగా కలిసి ఉండాలి. ఎవరికైనా ఇదివరకు పెళ్లయిందా? అమ్మాయి ఉద్యోగం ఏమిటి, అక్కడికి వెళ్లగానే చేయాలనుకుంటోందా? చివరికి ‘నిశ్చితార్థం ఫొటోలు పంపండి’ అన్నారు.

పంపాం. ఆమె ఒకదాన్ని తెర మీద పెద్దది చేసి పెట్టారు. పిల్లలిద్దరూ పీటల మీద కూర్చున్నారు. మెడల్లో మోకాళ్ల దాకా గులాబీ దండలు. అమ్మాయి ఎర్రంచు పట్టుచీర, నుదుట బాసికం ఒక్కటే తక్కువ. పక్కన శాస్త్రిగారు లగ్నపత్రిక చదువుతున్నారు. ముందు తాంబూలాల పళ్లాలు, వెనక రెండు వైపుల చుట్టాలు అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. లాయరమ్మ ఆ అక్షింతల దగ్గర కర్సరు పెట్టి, ‘అంకుల్, మెడలో మంగళసూత్రం లేదని మీకు తెలుసు. ముంబై కాన్సులేట్‌లో ఈ ఫొటో చూసే వీసా అధికారికి ఎలా తెలుస్తుంది?’ అన్నారు.

కె-1 పెళ్లి కానివాళ్లకు మాత్రమే ఇస్తారు. ఇలాంటి ఫొటోలు చూసి పెళ్లి అయిపోయిందని అధికారి అనుమానిస్తే వీసా ఆగిపోతుంది. పోనీ భార్యగానే పంపుదామంటే రిజిస్ట్రేషన్ పత్రం ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి. మన ఇళ్లలో నిశ్చితార్థాలు సగం పెళ్లిలా చేయడం వల్ల ఇలాంటి చిక్కులు కొత్తేమీ కాదని, తన దగ్గరికి వచ్చే తెలుగువాళ్లకు, పంజాబీలకు ముందు ఈ ఫొటోల గురించే చెబుతానని ఆమె అన్నారు. కన్సల్టెన్సీ కుర్రవాడు ఇవే ఫొటోలు చూసి ‘చాలా బాగున్నాయి సార్, ఇవే సాక్ష్యం’ అన్నాడు.

రెండోది ముహూర్తాల మాట. కె-1 మీద దిగిన రోజు నుంచి 90 రోజుల్లో, ఎవరు దరఖాస్తు పెట్టారో వాళ్లనే పెళ్లి చేసుకోవాలి. ఈ గడువు పొడిగించరు. ఆమోదించిన దరఖాస్తు చెల్లుబాటు మామూలుగా నాలుగు నెలలు, వీసా ఇచ్చాక ప్రయాణానికి గరిష్ఠంగా ఆరు నెలలు. వీసా ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, వచ్చాక గడియారం ఆగదు. ఆ 90 రోజుల్లో ఆషాఢమో మూఢమో పడితే? కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకుని సంతకాలతో పెళ్లి కానిచ్చేసి, తర్వాత ఇండియా వచ్చి మన పద్ధతిలో చేసుకోవచ్చు కదా అన్నాను. రావచ్చు గానీ వెంటనే కాదట. పెళ్లయ్యాక అక్కడే ఐ-485 వేసి గ్రీన్ కార్డు అడగాలి. ముందస్తు ప్రయాణ అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసుకున్నట్టే. అంటే కన్నవాళ్లు లేకుండా పెళ్లి, ఆపైన నెలల తరబడి ఇంటికి రాలేని కోడలు. మా ఆవిడ తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది.

నా తీర్పు మాత్రం అంకెలు చూశాకే. యూఎస్‌సీఐఎస్ ఫీజులు 2024 ఏప్రిల్ 1న మారాయి. ఆ పట్టిక ప్రకారం కె-1కు ఐ-129ఎఫ్ దరఖాస్తు 675 డాలర్లు, కాన్సులేట్‌లో వీసా ఫీజు 265, అక్కడికి వెళ్లాక ఐ-485కు 1,440. ఇంతవరకు 2,380. ఈలోగా ఉద్యోగం చేసుకోవాలంటే అనుమతికి 260, ప్రయాణ అనుమతికి 630. మొత్తం 3,270. పెళ్లి తర్వాతి దారిలో ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625, కాగితం మీద వేస్తే 675. తర్వాత నేషనల్ వీసా సెంటర్‌కు వీసా ఫీజు 325, ఆర్థిక హామీ పత్రానికి 120. విమానం ఎక్కేముందు గ్రీన్ కార్డు తయారీకి 235. ఆన్‌లైన్ లెక్కన 1,305. వైద్య పరీక్ష, టీకాలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి వాటిని కలపలేదు. సగం కంటే తక్కువకు వచ్చే దారిని వదిలి ఎక్కువ ఖర్చయ్యే దారి పట్టమని చెప్పిన కన్సల్టెన్సీ లాజిక్కు నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. బహుశా అంతుపట్టింది కాబోలు: ఫారాలు ఎన్ని ఎక్కువైతే వాళ్ల బిల్లు అంత పెద్దది.

అన్నిటికంటే కోడలికి నచ్చింది వేరే. సి.ఆర్-1 మీద వెళ్లినవాళ్లు దిగిన రోజే శాశ్వత నివాసులు. పాస్‌పోర్టులో వీసా మీద పడే ముద్రే ఏడాది పాటు గ్రీన్ కార్డులా చెల్లుతుంది, మర్నాడే ఉద్యోగంలో చేరవచ్చు. కె-1 మీద వెళ్తే అనుమతి వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. ‘ఆ కూర్చోవడమేదో ఇక్కడ జీతం తీసుకుంటూ కూర్చుంటాను మామయ్యా’ అంది అమ్మాయి. లాయరమ్మ కూడా వేగం మీద ఆశలు పెంచలేదు. రెండు దారుల్లోనూ ఏడాది దాటడం మామూలే, మూడు నెలలని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి అన్నారు.

ఈ దారిలో నొప్పి లేదని నేను చెప్పను. పెళ్లయ్యాక అబ్బాయి సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. కొత్త అల్లుడు లేకుండానే ఒంగోలులో సంక్రాంతి జరిగింది. వియ్యపురాలు పళ్లెం నిండా అరిసెలు పెట్టి వీడియో కాల్‌లో అల్లుడికి చూపించింది. ‘ఇంకా వీసా రాలేదా?’ అని అడగని చుట్టం లేడు. మధ్యలో చూసిరావడానికి టూరిస్టు వీసా అడగవచ్చా అంటే, అడగవచ్చు గానీ వలస దరఖాస్తు నడుస్తున్నప్పుడు తిరిగి వస్తానని నమ్మించడం కష్టం, తిరస్కరిస్తారని అనుకునే అడగండి అన్నారు లాయరమ్మ. అడగలేదు. అబ్బాయే ఒకసారి వచ్చి వెళ్లాడు. ఆ బోర్డింగ్ పాసులు కూడా దాచమన్నారు, కాపురం నిజమైనదని చూపడానికి పనికొస్తాయని.

పెళ్లి 2024 శ్రావణంలో ద్వారకా తిరుమల కొండ మీద చేశాం. గుడిలో ఇచ్చే రసీదు వీసాకు చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే వివాహ ధ్రువపత్రమే కావాలి. అబ్బాయిది అమెరికా పాస్‌పోర్టు కాబట్టి అవివాహితుడనే అఫిడవిట్ అడగవచ్చని లాయరమ్మ ముందే ఊహించి రాయించి పంపారు. అన్నట్టే అడిగారు. ప్రత్యేక వివాహ చట్టం కింద వెళ్తే 30 రోజుల నివాసం, 30 రోజుల నోటీసు. అబ్బాయి సెలవంతా దానికే సరిపోయేది. హిందూ వివాహ చట్టం కింద, జరిగిన పెళ్లినే రిజిస్టర్ చేయించడంతో ఆ బాధ తప్పింది. గుంటూరులో కూర్చున్న నాకు తట్టని విషయం డాలస్‌లో కూర్చున్న ఆమెకు తట్టింది, అందుకు ఒక మార్కు.

ఇక జనన ధ్రువపత్రం. మన వైపు ఇది ఇంటింటి కథ. కోడలి పత్రంలో పేరు గడి ఖాళీ. ఆడశిశువు అని ఉంది, తండ్రి పేరు ముందు ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం. పదో తరగతి మెమోలో ఆ అక్షరంతో పాటు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా. మూడు కాగితాల్లో ఒకే మనిషి మూడు రకాలు. నేనైతే కొర్రీ రాసి తిప్పి పంపేవాణ్ని. లాయరమ్మ పాత పత్రంతో పాటు పదో తరగతి మెమో, తల్లిదండ్రులు చెరో అఫిడవిట్, ఇవి జత చేయించారు. ముంబైలో వాటి మీద ప్రశ్నే రాలేదు.

ఆర్థిక హామీ పత్రం గురించి చెప్పిన తీరుకు కూడా ఆమెను మెచ్చుకోవాలి. కన్సల్టెన్సీలో ‘ఒక సంతకమే సార్’ అని తేల్చేశారు. అది ఐ-864 అనే ఒప్పందం. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 26,437 డాలర్లు. మా అబ్బాయి జీతానికి అదేమీ కాదు. అసలు సంగతి ఏమిటంటే, విడాకులు తీసుకున్నా ఆ బాధ్యత పోదు. భార్య పౌరసత్వం తీసుకునేదాకానో, అక్కడి లెక్కలో 40 త్రైమాసికాల పని పూర్తయ్యేదాకానో ఉంటుంది. ఇది విని మా వియ్యంకుడు ‘బావగారూ, కట్నకానుకల కంటే గట్టి కాగితం ఇదే’ అన్నారు.

మరి ఒక మార్కు ఎందుకు పోయింది? లాయరమ్మ స్వయంగా మాట్లాడింది మొదటి గంట, ఇంటర్వ్యూ ముందు అరగంట. మధ్యలో అంతా ఆఫీసు సహాయకులే. ఐ-130 చిత్తు ప్రతిలో ఇంటిపేరు ఉండాల్సిన గడిలో పేరు, పేరు గడిలో ఇంటిపేరు వచ్చాయి. ఆ రాత్రి నేను కళ్లద్దాలు పెట్టుకుని గడి గడి చూడకపోతే అలాగే వెళ్లిపోయేది. ఒకసారి పంపిన అఫిడవిట్లనే మళ్లీ పంపమన్నారు. ఈమెయిలుకు జవాబు వారం పట్టడం రివాజు. 1,800 డాలర్లు తీసుకుంటున్నప్పుడు, అదీ సర్కారు ఫీజుల కంటే ఎక్కువ అయినప్పుడు, చిత్తు ప్రతి ఆమె కళ్ల ముందు నుంచి వెళ్లాలి కదా?

నిజానికి మీ కాగితాలు శుభ్రంగా ఉండి, ఎవరికీ పాత పెళ్లిళ్లు, పాత వీసా తిరస్కరణలు, కేసులు లేకపోతే దరఖాస్తు సొంతంగా వేసుకోవచ్చు. ఫారాలు, సూచనలు ప్రభుత్వ సైటులో ఉచితం. ఆ మొదటి గంట మాత్రం డబ్బిచ్చి కొనుక్కోండి. దారి తప్పుగా ఎంచుకుంటే ఫారం ఎంత బాగా నింపినా ఉపయోగం లేదు.

చివరి మెట్లు త్వరగానే సాగాయి. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్‌కు 500 రూపాయలు. వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా ఈ రకం ఇంటర్వ్యూ అక్కడ జరగదు, ముంబై బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌కే వెళ్లాలి. అధికారిణి నాలుగు ప్రశ్నలు అడిగారు: ఎలా కలిశారు, ఆయన ఏం చేస్తారు, పెళ్లికి ఎంతమంది వచ్చారు, వెళ్లాక మీరేం చేస్తారు. దరఖాస్తు వేసిననాటి నుంచి ఏడాదిన్నర పైమాటే పట్టింది. కోడలు ఇప్పుడు ప్లేనోలో ఉంది, ఉద్యోగం వెతుక్కుంటోంది.

ఇలా డాలస్ లాయరు దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లు ఒప్పందంలో ఏం కలిసి ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో దిగితే రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు. అది ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, ఆ షరతులు తీసేయమని అడిగే ఐ-751 వేయాలి, సర్కారు ఫీజు 750 డాలర్లు. ఆ పని ఈ ఫీజులో లేదు, విడిగా అడుగుతారు. మాకు మొదటి రోజే చెప్పారు కాబట్టి దానికి మార్కు కోయలేదు. మీ కాగితాలు చూసే సహాయకురాలి సొంత ఈమెయిలు కూడా అడిగి తీసుకోండి. వేసవిలో మన రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ ఉదయం పది. ఫోను చేస్తే ఆ సమయంలోనే ఎత్తుతారు.